నలభై ఒకటో అంశం

మధురవాడ,
జూన్ 9, 2025

వదినకు,

నువ్వు గెలిచావు. ఫోన్లో వద్దు, ఏదున్నా కాగితం మీద రాసి పంపు అని ఉగాది నుంచి సతాయిస్తున్నావు కదా, ఇదిగో రాస్తున్నాను. పోస్టాఫీసులో స్టాంపులు అడిగితే కౌంటర్లో ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. మధురవాడ నుంచి గాజువాకకి ఉత్తరం వేసే మనిషిని ఈ ఏడాది నేనొక్కదాన్నే అయ్యుంటాను. బస్సెక్కితే గంటన్నరలో నీ వంటింట్లో ఉంటానని ఆవిడకి చెబితే ఇంకేమనుకునేదో.

అసలు సంగతికి వస్తాను. నా కొత్త ఉద్యోగం గురించి అన్నయ్య నీకు "ఏదో బీపీ సర్వే" అని చెప్పి ఉంటాడు. సర్వే కాదు. కడుపుతో ఉండగా బీపీ పెరిగి ఫిట్స్ దాకా వెళ్ళే జబ్బు ఉంది కదా, నీకొచ్చినదే, దానికి మందులు పరీక్షించేవాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారు. ఒకరు తల్లి బీపీ చూస్తారు, ఒకరు బిడ్డ బరువు తూస్తారు, ఇంకొకరు ఐసీయూలో ఎన్ని రోజులున్నారో లెక్కపెడతారు. ఎవరి తూకం వాళ్ళది. చివరికి ఏ మందు మంచిదో పోల్చి చెప్పమంటే కుదరదు. అందుకని, ఎవరు పరిశోధన చేసినా తప్పకుండా కొలవాల్సినవి ఇవీ అని ఒక చిన్న జాబితా తయారుచేస్తున్నాం. పాత పరిశోధనలన్నీ తిరగేసి అరవై మూడు అంశాలు ఏరాం. వాటికి డాక్టర్లు, నర్సులు, ఆ జబ్బు దాటి బతికిన ఆడవాళ్ళు ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కులు వేస్తారు. డిసెంబరులో అందరూ కూర్చుని ఆఖరి జాబితా తేలుస్తారు. అందులోకి ఎక్కనిదాన్ని ఇక ఎవరూ పెద్దగా అడగరు. అందుకే ఇంత గొడవ.

మొదటి విడత అయిపోయింది. జాలరిపేట నుంచి సాయిదుర్గ అని ఒకావిడ వస్తోంది, చేపలమ్ముతుంది. జాబితా మొత్తం చదివించుకుని విని, "డాక్టరమ్మా, బతికినాను, సరే. ఏడాది పాటు సేపల బుట్ట నెత్తికెత్తలేకపోనాను. అది మీ కాయితంలో ఏ నంబరేటి?" అంది. ఏ నంబరూ కాదు. మా పెద్దాయన, ప్రొఫెసర్ అర్జునరావు గారు, "రాసుకోండి" అన్నారు. అరవై నాలుగోదిగా రాసుకున్నాం.

అలాంటి మాటలు చెప్పేవాళ్ళు కావాలి మాకు. నువ్వు టీచరువి కూడా, విడమరిచి చెప్పగలవు. జాబితా జతచేస్తున్నాను. తీరిగ్గా చూసి మార్కులు వెయ్యి. రెండో విడతలో కలుపుతాను. అమ్మని బీపీ మాత్ర మానొద్దని చెప్పు, యశికి నా ముద్దులు.

జ్యోతిర్మయి


గాజువాక,
జూన్ 20

జ్యోతీ,

నీ ఉత్తరం మూడో రోజుకి చేరింది. అత్తయ్య ముందుగా చూసి, ఏ కోర్టు కాగితమో అనుకుని దేవుడి గూట్లో పెట్టి దణ్ణం పెట్టింది. సాయంత్రం మీ అన్నయ్య షిఫ్టు నుంచి వచ్చి చింపేదాకా ఎవరూ దాని జోలికి పోలేదు. యశి మూడో తరగతికి వచ్చింది, టీచరు మీద నాకు రోజూ చాడీలు చెబుతుంది. నేను టీచరు పక్షమే.

నన్ను ఎందుకు పిలుస్తున్నావో గానీ, నాకేమైందని? ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఫిట్స్ వచ్చాయట, ఆపరేషన్ చేశారట, పన్నెండో రోజుకి లేచి కూర్చున్నానట. తల్లీ బిడ్డా క్షేమం అని మీ అన్నయ్య చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. ఆ మాట ఇప్పటికీ ఎంత గర్వంగా చెబుతాడో నీకు తెలుసు. అంతకు మించి చెప్పడానికి నా దగ్గరేముంది.

అయినా అడిగావు కాబట్టి మార్కులు వేశాను. బిడ్డకి సంబంధించిన వాటన్నిటికీ తొమ్మిదేసి. నావాటికి ఐదేసి.

ఒక్క సందేహం. నలభై ఒకటోది, తల్లి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత అన్నదాని మీద గీత కొట్టి ఉంది. మరి దేని మీదా గీత లేదు. అచ్చులో పొరపాటా? ఊరికే అడిగాను.

ధనలక్ష్మి


మధురవాడ,
జూలై 2

వదినా,

అచ్చులో పొరపాటు కాదు. మొదటి విడతలో దానికి మార్కులు మరీ తక్కువ వచ్చాయి, కొట్టేశాం. బాలింతకి మరుపు ఎవరికి ఉండదు, అదొక జబ్బు లక్షణమని ఎలా అంటాం అన్నారు డాక్టర్లు. పైగా కొలవడం కష్టం. ఏడాది తర్వాత విచారిస్తే అందరూ బాగానే ఉన్నారని పాత పరిశోధనలో కూడా ఉంది. నేనూ మూడే వేశాను. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే రకాన్ని నేను, ఇక పసిపిల్లతో నిద్రలేని మనిషి సంగతి చెప్పాలా. డిసెంబరులో ఎవరైనా గట్టిగా పట్టుబడితే తిరిగి చర్చకి పెట్టొచ్చు. కానీ ఎవరు పడతారు?

నీ ఐదులు చూసి మా వాళ్ళు నవ్వారు. మన ఆడవాళ్ళంతా ఇంతే, బిడ్డకి తొమ్మిది, తమకి సగం. ఇంకొకటి అడగాలి. తల్లి తిరిగి పనిలో చేరడం అని ఒక అంశం ఉంది. నువ్వు బడికి వెళ్ళి నాలుగు నెలలకే మానేశావు కదా. యశి కోసం మానేశావని రాసుకోనా?

జ్యోతి


గాజువాక,
జూలై 11

జ్యోతీ,

రాసుకో. యశి కోసమే మానేశాను.

మార్కులు వేసేవాళ్ళలోంచి నా పేరు తీసెయ్. ఇంట్లో పని ఎక్కువగా ఉంది. ఉత్తరాలు కూడా కొన్నాళ్ళు వద్దు.

ధనలక్ష్మి


మధురవాడ,
ఆగస్టు 4

వదినా,

నిన్న మేమిద్దరం వచ్చాం కదా. వంజరం పులుసు పెట్టావు, అమ్మ మోకాళ్ళ గురించి మాట్లాడావు, ఎదురింటి వాళ్ళ గొడవ చెప్పావు, అన్నీ మాట్లాడావు, ఆ ఒక్కటీ తప్ప. నేను అడగబోయినప్పుడల్లా ఇంకో గరిటె వడ్డించావు.

నువ్వు పెరట్లోకి వెళ్ళినప్పుడు గాలికి క్యాలెండర్ తిరగబడింది. వెనకవైపు నీ చేతిరాత. "పాలు పొయ్యి మీద. యశి ట్యూషన్ ఐదింటికి. ఆదివారం జ్యోతి వస్తుంది, భర్త పేరు సాయిశంకర్." మా పెళ్ళై మూడేళ్ళయింది వదినా. పందిట్లో మా ఇద్దరికీ బాసికాలు కట్టింది నువ్వు.

చదవకూడదు, చదివాను. దారి పొడుగునా ఆయన ఏదో మాట్లాడుతున్నాడు, నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. నలభై ఒకటో దాని మీద గీత ఎందుకని నువ్వు ఊరికే అడగలేదు. దానికి మూడు వేసి, పైగా నవ్వుతూ నీకే రాశాను.

చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకు. నీ పేరు తీసేయమంటే తీసేస్తాను. కానీ ఉత్తరాలు మాత్రం మానను.

జ్యోతి


గాజువాక,
ఆగస్టు 18

జ్యోతీ,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే గీత సంగతి అడిగాను. అప్పుడే నీకు తెలియాల్సింది. డాక్టరువి కదా.

నాకు యశి పుట్టడం గుర్తులేదు. ముందు రోజు అత్తయ్య అరటికాయ వేపుడు చేసిందని గుర్తుంది, ఆ తర్వాత ఏమీ లేదు. పన్నెండు రోజులని మీరంటారు. పన్నెండు కాదు, రెండు నెలలు. బారసాల ఫొటోలో పట్టుచీర కట్టుకుని, పిల్లని ఒళ్ళో పెట్టుకుని నవ్వుతున్నది నేనే. ఆ ఫొటో చూశాకే బారసాల జరిగిందని నాకు తెలిసింది. నా కూతుర్ని మొదటిసారి ఎప్పుడు చూశానో నాకు తెలియదు జ్యోతీ. చూడగానే ఏడ్చేశావని అందరూ చెబుతారు. నేను తలూపుతాను.

అత్తయ్యకి ఒకసారి చెప్పబోయాను. "బాలింతకి మరుపు కాకపోతే ఇంకేటుంటాదే? నాకూ అలాగే ఉండీది" అంది. మంచి మనసుతోనే అంది. ఇక ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.

పిల్లకి ఏడాదిన్నర వచ్చాక బడికి వెళ్ళాను. మూడో తరగతి తెలుగు. ఒకరోజు డిక్టేషన్ చెబుతుంటే ముందు బెంచీ పిల్ల పెన్ను పక్కన పెట్టి కూర్చుంది. ఎందుకు రాయడం లేదని గదమాయిస్తే నోట్సు తిప్పి చూపించింది. నిన్నా అవే మాటలు. మొన్నా అవే మాటలు, అదే వరసలో. టీచరు ఏదో పరీక్ష పెడుతోందనుకుని పిల్లలు నోరెత్తకుండా మూడు రోజులూ రాశారు. ఆ సాయంత్రమే హెడ్మాస్టరుకి కాగితం రాసిచ్చాను, ఇంట్లో పిల్లని చూసుకోవాలని. బిడ్డ కోసం చక్కటి ఉద్యోగం వదులుకుందని చుట్టాలంతా మెచ్చుకున్నారు. తిట్టినా బాగుండేది. నాకు ఆ పని ప్రాణం. ఇప్పటికీ పొద్దున్నే బడి గంట వినిపిస్తే వంటింట్లోకి పోయి ఏదో ఒక గిన్నె తోముతాను.

ఇప్పుడు అప్పటికంటే నయం. పాతవి బాగానే ఉంటాయి. కొత్తగా చెవిన పడ్డవి నిలవవు. కంటితో చదివినవి నిలుస్తాయి, నిలవకపోతే మళ్ళీ చదువుకోవచ్చు. ఫోన్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు అర్థమైందా? ఉగాది రోజు నువ్వు ఫోన్లో ఏదో శుభవార్త చెప్పావు. మర్నాటికి పోయింది. అదేమిటో మళ్ళీ అడగలేక, ఆ కొత్త ఉద్యోగం సంగతేనని నీ ఉత్తరం వచ్చేదాకా తెలుసుకోలేక, రెండు నెలలు ఊరుకున్నాను.

మీ అన్నయ్యకి తెలియదు. తెలియకూడదు. నన్ను ఏదో అంటాడని కాదు. క్షేమం అని ఊరందరికీ చెప్పుకున్నాడు. ఆయన మాట అబద్ధం చేయడం నాకు ఇష్టం లేదు.

వదిన


మధురవాడ,
సెప్టెంబరు 1

వదినా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. ధైర్యం చాలలేదు. కారణం ఇది.

నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను అక్కడే హౌస్ సర్జన్ని. అప్పుడు అక్కడ ఈ జబ్బు మీదే ఒక పరిశోధన నడిచింది. అందులో నువ్వూ ఉన్నావు, సంతకం అన్నయ్య పెట్టాడు. ఏడాది తర్వాత ఫోన్ చేసి ఎలా ఉన్నారో అడగాలి. ఎవరి నంబరు రాయాలంటే, ఇంట్లో డాక్టరు ఉందిగా అని నా నంబరు రాయించారు. మన దగ్గర అంతే కదా. మొగుడి నంబరు, మరిది నంబరు, ఇంట్లో చదువుకున్నవాళ్ళ నంబరు. ఆ మనిషి నంబరు తప్ప.

ఆ ఫోన్ వచ్చింది. హాస్టల్ మెస్సులో ఉన్నాను, ఒక చేతిలో పళ్ళెం. ధనలక్ష్మి గారు ఎలా ఉన్నారండీ అని అడిగారు. బాగుందండీ, బిడ్డ కూడా బాగుంది అన్నాను. ఇబ్బందులేమైనా అన్నారు. ఏం లేవండీ, నేనూ డాక్టర్నే అన్నాను. ఆ మాటతో అవతలివాళ్ళు ఇంకేమీ అడగలేదు. అర నిమిషంలో అయిపోయింది. నిన్ను అడిగి చెబుతానని ఒక్క మాట అనలేదు.

ఆ పరిశోధన వ్యాసం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఏడాది తర్వాత విచారించిన నూట నలభై మందిలో నూట ముప్పై ఏడుగురికి ఏ ఇబ్బందీ లేదు అని రాశారు. ఆ నూట ముప్పై ఏడుగురిలో నువ్వొకదానివి. మొదటి విడతలో ఆ వాక్యం చూపించే, మరుపు పెద్ద సమస్య కాదని వాదించాం. అంటే మెస్సులో నేనన్న మాటే తిరిగి తిరిగి నా దగ్గరికి సాక్ష్యంగా వచ్చింది. అది నమ్మి నేనే మూడు వేశాను. మిగతా వాళ్ళ ఫోన్లు ఎవరెత్తారో దేవుడికే తెలియాలి.

చాలా సిగ్గుగా ఉంది. డిసెంబరు మీటింగులో నీ పేరు చెప్పకుండా నీ సంగతి నేను చెబుతాను. ఒప్పుకుంటావా?

జ్యోతి


గాజువాక,
సెప్టెంబరు 20

జ్యోతీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మర్చిపోయి కాదు, కోపం వచ్చి.

నువ్వు అబద్ధం చెప్పలేదు. నాకు తెలుసు. అడగలేదు, అంతే. ఆ ఏడాది నువ్వు ఇంటికి ఆరేడుసార్లు వచ్చావు. అడుగంటిన పాలగిన్నె ఒకసారి నువ్వే తోమి, వదినకి పరధ్యానం ఎక్కువని నవ్వావట. అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది. అడిగితే చెప్పేదాన్నో లేదో నాకే తెలియదు. చెప్పేదాన్ని కాదేమో. అయినా అడగాల్సింది.

నువ్వు నా తరఫున చెప్పొద్దు. ఒకసారి చెప్పావుగా, చాలు. నేనే వస్తాను. కాగితం మీద రాసుకొచ్చి చదువుతాను. మీ అన్నయ్యకి ముందుగా చెప్పను, చెబితే నా నోరు పెగలదు. జ్యోతి దగ్గర పనుందని బండి మీద దింపమంటాను. బయట కూర్చుంటాడు.

కోపం పోయిందా అని అడగకు. పోయినప్పుడు రాస్తాను. అత్తయ్య కాకరకాయ కారం పంపుతోంది. పూర్తిగా ఆవిడ చేతిదే, ఉప్పు రెండుసార్లు పడిందేమోనని భయపడకుండా తిను.

ధనలక్ష్మి


గాజువాక,
డిసెంబరు 8

జ్యోతీ,

శనివారం మీటింగు సంగతి రాస్తున్నాను, నాకు నిలిచినంత మేరకు.

రాసుకెళ్ళిన కాగితం చదవలేదని తెలుసు, ఎందుకంటే ఇంటికొచ్చాక అది మడత విప్పకుండా నా సంచిలోనే ఉంది. సాయిదుర్గ పక్కన కూర్చుని నా మోకాలి మీద చెయ్యి వేసింది. "బయపడకప్పా, నాను లేనేటి?" అంది. ఆవిడ చీర మీద ఉప్పు వాసన గుర్తుంది. తర్వాత లేచి మాట్లాడాను. ఏం మాట్లాడానో లేదు. భయంలో ఉన్నది నాకు అసలు నిలవదు. మళ్ళీ గుర్తున్నది మీ అన్నయ్య బండి వెనక కూర్చోవడం. ఆయన లోపలికి ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో నాకు తెలియదు.

ఎన్ఏడీ జంక్షన్ దాకా వచ్చాం. అక్కడ బండి ఆపి టీ చెప్పాడు. గ్లాసు చేత్తో పట్టుకుని, "ఎనిమిదేళ్ళేటే ధనం" అన్నాడు. గ్లాసు కింద పెట్టి మళ్ళీ అన్నాడు. "నాను సెప్పింది ఏదీ నీకు పట్టదనుకున్నానే. సెప్పి సెప్పి మానీసినాను. నా మీద మనసు పోయిందనుకున్నాను."

షిఫ్టు నుంచి వచ్చి ప్లాంటు కబుర్లు చెప్పడం ఆయన మానేసి నాలుగైదేళ్ళయింది. నామీద విసుగనుకున్నాను నేను. క్షేమం అన్న మాట కాపాడదామని నేను దాచాను, ఆ దాచడంలో మా ఇద్దరి మధ్య మాటలే పోయాయి. టీ కొట్టు దగ్గర నిలబడి ఇద్దరం ఏడ్చాం. జనం చూశారు, చూడనీ. నిన్న రాత్రి అన్నం దగ్గర తన ఫోర్‌మన్ గురించి గంటసేపు చెప్పాడు. ఇవాళ పొద్దున్న మళ్ళీ అదే చెప్పాడు, నవ్వుతూ.

నీ మీద కోపం పోయింది. ఎప్పుడు పోయిందో తెలియదు, మరుపులో కొట్టుకుపోయినట్టుంది.

నాకొక పని చేసిపెట్టు. నేనేమన్నానో చెప్పమంటే మీ అన్నయ్య "బాగా సెప్పినావే" అంటాడు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, మాటలు మాత్రం చెప్పలేడు. నువ్వు రాసి పంపు. ఉన్నదున్నట్టు రాయి, పొగడకు. నేనన్న మాటలు నాకు కావాలి.

వదిన


మధురవాడ,
డిసెంబరు 12

వదినా,

పొగడను. మీటింగు మొత్తం రికార్డు చేశాం. అది విని రాస్తున్నాను, నా జ్ఞాపకాన్ని నమ్ముకుని కాదు.

నలభై ఒకటో దాన్ని తిరిగి చర్చకి పెట్టమని నేను అడిగాను. పాత వ్యాసంలోని నూట ముప్పై ఏడు సమాధానాల్లో ఒకటి నాదని, ఆ మనిషిని అడక్కుండానే చెప్పానని ఒప్పుకున్నాను. తన పేషెంట్ల ఫోన్లు కూడా ఎక్కువగా భర్తలే ఎత్తుతారని ఒక డాక్టరుగారు మెల్లగా అన్నారు. అప్పుడు అర్జునరావు సార్, "అంతా సరేనమ్మా, కొలవడానికి సరైన కొలబద్ద లేనిదాన్ని జాబితాలో పెట్టి ఏం లాభం?" అన్నారు. ఆయన నన్ను అడిగారు. లేచింది నువ్వు.

నువ్వన్నది ఇది.

"సార్, నా బిడ్డ బరువు మీరు తూశారు. పదహారు వందల గ్రాములు. ఆ కాగితం ఇంకా మా ఇంట్లో ఉంది. నా బీపీ రోజుకి ఆరుసార్లు చూశారట. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. కొలబద్ద లేదంటున్నారు. నన్ను అడగండి. మా ఆయన్ని కాదు, మా ఆడపడుచుని కాదు. నన్ను కూర్చోబెట్టి, నీ పిల్లని మొదటిసారి ఎప్పుడు చూశావమ్మా అని అడగండి. నేను చెబితే రాసుకోండి. చెప్పలేక తడుముకుంటే, ఎంతసేపు తడుముకున్నానో రాసుకోండి. నేను టీచర్ని సార్. పిల్లాడికి పాఠం వచ్చో రాదో మేం అలాగే కనుక్కుంటాం."

సార్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టిన చప్పుడు రికార్డులో ఉంది. తర్వాత ఆయన గొంతు. "నీ పిల్లని మొదటిసారి ఎప్పుడు చూశావమ్మా?"

ఆ తర్వాత ఇరవై రెండు సెకన్లు ఏమీ లేదు. ఫ్యాను తిరగడం వినిపిస్తుంది. నువ్వు కూర్చోలేదు, తల దించుకోలేదు. అప్పుడు హాలు వెనక తలుపు దగ్గర్నుంచి అన్నయ్య. "నాను తొమ్మిది ఏత్తన్నాను సార్." ఆయనకి ఓటు లేదని చెప్పబోయి సార్ ఊరుకున్నారు.

డాక్టర్లు పదిహేడు మందిలో పదమూడు మంది ఏడూ ఆపైన వేశారు. నర్సుల్లో ఒకరు తప్ప అందరూ. జబ్బు దాటొచ్చిన మీ పదకొండు మందీ తొమ్మిదే. నలభై ఒకటోది ఆఖరి జాబితాలో ఉంది వదినా. దాని పక్కన ఒక షరతు రాయించారు సార్, సమాధానం ఆమె నోటినుంచే రావాలని.

ఆ ప్రశ్నల ఫారం తయారుచేసే పని నాకిచ్చారు. ముందుగా ఎవరినైనా అడిగి చూడాలి. ఫోన్ చేయను. ఇరవై ఒకటో తేదీ ఆదివారం వస్తాను, అన్నయ్యని, అమ్మని అవతలి గదిలో కూర్చోమని, నీ ఎదురుగా కూర్చుని అడుగుతాను. ఎనిమిదేళ్ళ కిందట అడగాల్సినవి కొన్ని, ఇప్పుడు అడగాల్సినవి కొన్ని. ఒక్కోదానికి నీకు ఎంతసేపు పట్టినా సరే, మధ్యలో నేను మాట అందించను.

జ్యోతి